డీకన్ టిల్లరీ గారి మొదటి అచ్చు

పొద్దున్నే పొయ్యి మీద కాఫీ నీళ్ళు పెట్టి, ఒక కీర్తన పైకి చదువుకుని, ఆ తరవాత ఒక రికార్డు తీసుకుని వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళడం ఆర్డెల్లా ప్రూయిట్‌కి అలవాటు. ఆ కిటికీ తూర్పు ముఖం. ఎదురింటి కప్పు మీది నీళ్ళ తొట్టి పక్కనుంచి ఎండ ఏటవాలుగా వచ్చి గట్టు మీద పడే ఆ కాస్సేపే ఆవిడ పని. రికార్డు అంచుల్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని, కళ్ళ ఎత్తుకి తెచ్చి, మెల్లిగా అటూ ఇటూ వంచుతూ తిప్పేది. గీతల్లో గీరుడు ఉంటే ఆ ఎండలో వెండి వెంట్రుకలా మెరుస్తుంది. పాట అయిపోయాక లేబుల్ దాకా మిగిలే నున్నటి నల్లపట్టీ ఉంటుంది చూడండి, ఎవరో పనివాడు సూదితో గీకిన నంబరు అక్కడ ఉంటుంది. ఆ నంబరు కూడా ఆ ఎండలోనే సరిగ్గా కనిపిస్తుంది.

ఆవిడ కొట్టు వెస్ట్‌చెస్టర్ ఎవెన్యూలో, వంతెన మీద పోయే రైలు కమ్మీల కింద. పట్టపగలు కూడా అక్కడ లైటు వెయ్యాల్సిందే. "లైటు కింద అన్నీ బాగానే కనిపిస్తాయి, చివరికి నేను కూడా," అని నవ్వేది. అందుకే వెల కట్టాల్సిన రికార్డు ఏదైనా సరే, సాయంత్రం సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, మర్నాడు పొద్దున చూసి గానీ మాట ఇచ్చేది కాదు. బ్రాంక్స్‌లో పాత హిప్ హాప్ రికార్డుల మీద ఆవిడ మాటంటే మాటే. ఎక్కడెక్కడి వాళ్ళో ఫోటోలు పంపి, "మిస్ ఆర్డెల్లా, ఇది మొదటి అచ్చేనా?" అని అడిగేవాళ్ళు.

ఈ విద్య ఆవిడకి స్నానాల తొట్టిలో అబ్బింది. చిన్నప్పుడు అన్న బుకర్ పార్కులో వీధిదీపం స్తంభం నుంచి కరెంటు లాగి రికార్డులు వాయించేవాడు. పోటీ డీజేల కుర్రాళ్ళు గుంపులోంచి మెడలు చాపి, తిరిగే రికార్డు మీద లేబుల్ చదవాలని చూసేవాళ్ళు. ఏ రికార్డో తెలిస్తే మర్నాడే కొనేస్తారు కదా. అందుకని వారం తిరక్కుండా లేబుళ్ళు నానబెట్టి ఊడదియ్యాలి. ఆ పని ఆడపిల్లలది. గోరువెచ్చటి నీళ్ళు, మధ్యలో తడిగుడ్డ, తరవాత బొటనవేలితో మెల్లిగా తొయ్యడం. ఊడిన లేబుళ్ళు పారెయ్యడానికి ఆర్డెల్లాకి మనసొప్పేది కాదు. కిటికీ అద్దానికి అంటించి ఆరబెట్టి, బిస్కెట్ల డబ్బాలో దాచుకునేది. ఏ కంపెనీ ఆకుపచ్చ ఏ ఏడాదిలో ఎంత ముదురు, ఏ చిరునామా ఎప్పుడు మారింది, అదంతా ఆ డబ్బాలోంచి ఆవిడ కళ్ళలోకి ఎక్కింది. బుకర్ చిన్నవయసులోనే పోయాడు. తరవాత ఎన్నో ఏళ్ళకి ఆ రికార్డుల కోసం జనం ఎగబడటం మొదలుపెట్టారు. అప్పటికి బ్రాంక్స్‌లో ఉన్నవాటిలో సగానికి లేబుళ్ళు లేవు. లేబుల్ ఉన్నదానికి వెల, లేనిదానికి జాలి.

ఇంత జాగ్రత్త మనిషి ఒక్కసారి నోరు జారింది. అదీ చేపల విందులో.

ఏప్రిల్ నెల, శుక్రవారం సాయంత్రం. మౌంట్ నీబో చర్చి కింది హాల్లో చేపలు వేయిస్తున్నారు. ట్యూబులైట్లు, నూనె వాసన, పిల్లల గోల. డీకన్ రాస్కో టిల్లరీ ఒక దిండు గలీబు చంకలో పెట్టుకుని వచ్చాడు. చర్చిలో కానుకల పళ్ళెం పట్టేది ఆయనే, ఆరాధన అయ్యాక ముసలమ్మల్ని ఒక్కొక్కరినే కారులో ఇంటి దగ్గర దింపేదీ ఆయనే. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆయన ఒకప్పుడు పార్కులో డీజే రాస్కో అని ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు.

"సిస్టర్ ఆర్డెల్లా, బీరువా సర్దుతుంటే దొరికింది. దీనికేమన్నా వస్తుందా?"

"ముందు ఆ చేప పళ్ళెం అవతల పెట్టండి డీకన్. ఆ నూనె చేత్తో ముట్టుకున్నారంటే కొడతాను."

ఆయన చేతులు కడుక్కుని వచ్చి గలీబు విప్పాడు. ఆకుపచ్చ లేబుల్. టింటన్ రికార్డ్స్. ఆర్డెల్లా ముందుకి వంగింది. ఈ పేటలోనే, నలుగురు కుర్రాళ్ళు పాడిన ర్యాప్ పాట. ఆకుపచ్చ లేబుల్‌తో మూడొందలే వేశారు. తరవాత మాన్‌హాటన్ కంపెనీ ఒకటి హక్కులు కొని నారింజ లేబుల్‌తో వేలకి వేలు వేసింది. నారింజది ఏ మూలన చూసినా దొరుకుతుంది. ఆకుపచ్చది ఆవిడ చేతికి వచ్చి పదేళ్ళు దాటింది. పైగా ఆ లేబుల్ మీద తెల్లపెన్సిలుతో గీసిన గీత ఉంది, గడియారం ముల్లులా. దరువు మొదలయ్యే చోటు గుర్తుకోసం డీజేలు గీసుకునే గీత అది. పార్కులో రాస్కో చేతికింద ఆ తెల్లగీత గిర్రున తిరగడం ఆవిడ కళ్ళారా చూసింది.

చుట్టూ జనం మూగారు. "ఏంటి సిస్టర్, అసలుదేనా?" "మాట్లాడవేం?" ఆర్డెల్లా బొటనవేలితో నల్లపట్టీ తడిమింది. నంబరు తగిలింది. సరైన నంబరే. "మొదటి అచ్చే," అంది.

డీకన్ అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. ఆయన భార్య ఒరీతా పోయి ఏడాది కావస్తోంది. సమాధి మీద ఇంకా రాయి లేదు, శ్మశానం వాళ్ళు గుచ్చిన నంబరు రేకు తప్ప. మే నెలలో ఒరీతా పుట్టినరోజుకి సౌత్ కెరొలైనా నుంచి ఆవిడ అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు దిగుతున్నారు. సోమవారం డబ్బు కడితే మంగళవారం పేరు చెక్కడం మొదలుపెడతానని, లేకపోతే మళ్ళీ ఆకురాలు కాలం దాకా వంతు రాదని రాళ్ళు చెక్కేవాడు చెప్పేశాడు. బస్సు డ్రైవరు పెన్షనులో అంత ఎక్కడ మిగులుతుంది?

ఆర్డెల్లా ఆ హాల్లోంచే ఫిలడెల్ఫియాకి ఫోను చేసింది. అక్కడ లెమ్యూల్ గేడ్సన్ అని బడిలో సంగీతం చెప్పే ఆయన ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ మాట మీద, చూడకుండానే కొనే మనిషి. "మీరు అవునంటే అవునే, మిస్ ఆర్డెల్లా. సోమవారం పొద్దున్నే మీ కొట్లో ఉంటాను," అన్నాడు. ఆయన చెప్పిన ధర రాయికి సరిపోతుంది. ఆవిడ ఫోను పెట్టేసి తల ఊపగానే హాలంతా హల్లెలూయ అంది. వంటగదిలోంచి సిస్టర్లు గరిటెలతో బయటికి వచ్చారు. డీకన్ కళ్ళు తుడుచుకుని, ఆ రికార్డు భద్రంగా ఆవిడనే ఉంచమన్నాడు. ఎవరో ఆవిడ పళ్ళెంలో ఇంకో చేపముక్క వేశారు, అడక్కుండానే.

శనివారం పొద్దున ఎండ గట్టు మీద పడింది. కీర్తన అయింది. ఆర్డెల్లా రికార్డు పైకెత్తింది, అలవాటు కొద్దీనే, అనుమానంతో కాదు. అటు వంచింది, ఇటు వంచింది. ఆకుపచ్చ లేబుల్ అంచు దగ్గర ఒకచోట సన్నటి నీడ పడింది.

లేబుల్‌కి నీడ ఉండకూడదు. రికార్డు అచ్చుపోసేటప్పుడే కాగితం ఆ వేడికి నల్లటి ముద్దలో కలిసిపోతుంది. జిగురుండదు, అంచు తెలియదు. ఆవిడ గోరు పెట్టి మెల్లిగా తడిమింది. తగిలింది. మధ్య బెజ్జం చూసింది. కాగితానికున్న బెజ్జమూ రికార్డుకున్న బెజ్జమూ ఒకదానిమీద ఒకటి కూర్చోలేదు, చిన్న చంద్రవంకంత తేడా. రికార్డు పూర్తిగా అవతలి వైపుకి తిప్పింది. నంబరుకి సరిగ్గా ఎదురుగా, నల్లపట్టీ మీద, ఆవగింజంత త్రికోణం. నారింజ లేబుల్ వేసిన ఫ్యాక్టరీ గుర్తు అది. ఒకే నంబరు, ఒకే పాట, రెండో అచ్చు. పైన మాత్రం మొదటి అచ్చు లేబుల్.

కాఫీ నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోయాయి. ఆవిడ పొయ్యి కట్టేయడం కూడా మరిచిపోయింది.

మోసపు రికార్డులు ఆవిడకి కొత్త కాదు. ఫోటో తీసి అచ్చేసిన లేబుళ్ళు, అక్షరాల అంచులు అలుక్కుపోయినవి, ఎన్ని చూడలేదు? కానీ ఈ లేబుల్ అసలుది. ఆ తెల్లగీత రాస్కోదే. మరి దీన్ని ఊడదీసి అంటించింది ఎవరు? తెల్లగీత సంగతి ఎవరికి తెలుసు? అంటించే అవసరం ఎవరికుంది? డీకన్ పేరే మనసులోకి వచ్చింది. కానుకల పళ్ళెం పట్టే చెయ్యి. వానలో తనని ఇంటిదాకా దింపి, గుమ్మంలో లైటు వెలిగేదాకా కదలని మనిషి. "ప్రభువా, ఆయన మీద ఇలాంటి తలంపు పెట్టకు," అని పైకే అంది. తలంపు మాత్రం పోలేదు.

కాలు ఒకచోట నిలవలేదు. మధ్యాహ్నానికల్లా రికార్డు చంకలో పెట్టుకుని ప్రాస్పెక్ట్ ఎవెన్యూ మీది మోజెల్ దుకాణానికి నడిచింది. మోజెల్ జుట్టు దిద్దే మనిషి, డెబ్బై దాటినా కత్తెర కింద పెట్టలేదు. ఒరీతాకి ప్రాణ స్నేహితురాలు. ఒరీతా పెళ్ళికాకముందు ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్ళు. ఆ ఇంటి సంగతి ఏదైనా తెలిస్తే ఆవిడకే తెలియాలి.

శనివారం, దుకాణం కిటకిటలాడుతోంది. మోజెల్ అద్దంలోంచే చూసింది.

"ఏమే పిల్లా, ఆ తల వేసుకుని శనివారం వస్తావా? ఆ గూడు విప్పాలంటే నాకు సోమవారం దాకా పడుతుంది."

"తల కోసం కాదు మిస్ మోజెల్. ఒక్క నిమిషం వెనక్కి రా."

"నా దగ్గర నిమిషాలు కూడా అపాయింట్‌మెంటు మీదే."

అయినా ఆర్డెల్లా మొహం చూసి, డ్రయ్యరు కింద ఉన్నావిడ చేతిలో పిప్పరమెంటు బిళ్ళ పెట్టి, "కదలకు తల్లీ, ఇప్పుడే వస్తా," అని వెనక గదిలోకి వచ్చింది. ఆర్డెల్లా గలీబు విప్పి, గోటితో లేబుల్ అంచు చూపించింది. మోజెల్ ఒక్కసారి చూసి స్టూలు మీద కూర్చుండిపోయింది.

"ఇంకా అంటుకునే ఉందా!" అంది. తరవాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది, ఆపుకోలేక. "అది కనురెప్పల జిగురే పిల్లా. నా రెప్పలు ఒక్క రాత్రి నిలిచేవి కావు. ఇది చూడు, నలభై ఏళ్ళు నిలిచింది!"

ఆర్డెల్లాకి నవ్వు రాలేదు. "ఎవరు అంటించారు?"

మోజెల్ నవ్వు మెల్లిగా ఆగింది. ఒరీతా, రాస్కో పెళ్ళి చేసుకున్న తొలి చలికాలమట. ఇల్లు తుడుస్తూ ఒరీతా రికార్డుల పెట్టె జరిపి, ఆవిరి గొట్టాల హీటరు పక్కన పెట్టి మరిచిపోయింది. టింటన్ రికార్డు రాస్కో దగ్గర జోడీ ఉండేది, ఒకే దరువుని తెగకుండా మార్చి మార్చి వాయించడానికి ఎడమచేతికి ఒకటి, కుడిచేతికి ఒకటి. ఎడమచేతిది హీటరు వేడికి అప్పడంలా వంకర్లు తిరిగింది. రాస్కోకి ఆ జోడీ అంటే ప్రాణం. ఒరీతా ఏడ్చుకుంటూ మోజెల్ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ ఊరంతా తిరిగితే నారింజ లేబుల్‌దే దొరికింది. అది చూస్తే రాస్కోకి తెలిసిపోతుంది. అప్పుడు మోజెల్ గదిలోని స్నానాల తొట్టిలో ఇద్దరూ పాడైన రికార్డు లేబుల్ నానబెట్టి ఊడదీశారు, కొత్తదాని లేబుల్ కూడా తీసేశారు, ఆకుపచ్చది దీనికి అంటించారు.

"మరి తెల్లగీత? అది సరైన చోట రాకపోతే దరువు తప్పుతుందిగా?"

"మేమేం తెలివితక్కువ వాళ్ళమనుకున్నావా? వంకర రికార్డు మీద ఆ గీత గీకిన నంబర్లో ఏడుకి ఎదురుగా ఉండేది. కొత్తదాని మీద కూడా అదే ఏడుకి ఎదురుగా పెట్టి అంటించాం. ఊపిరి బిగపట్టి!" అని మోజెల్ ఆర్డెల్లా చెయ్యి పట్టుకుంది. "చూడు. రాస్కోకి చెప్పనని ఒరీతాకి మాటిచ్చాను. ఆసుపత్రిలో కూడా అడిగింది, చెప్పలేదు కదా అని. నువ్వు చెప్పకు. రాయి వేయించుకోనియ్యి. లేబుల్ అసలుది, పాట అదే పాట. ఆ ఫిలడెల్ఫియా ఆయనకి ఎలా తెలుస్తుంది?"

"ఆయనకి తెలియదు," అంది ఆర్డెల్లా. "నన్ను నమ్ముతాడు. చూడడు కూడా."

"ఇంకేం మరి!"

అదే కదా చిక్కు. డీకన్ మీద పెట్టుకున్న అనుమానం తీరింది గానీ, దాని బరువు దిగలేదు, భుజం మార్చుకుంది అంతే. చెబితే ఒరీతాకి రాయి లేదు. చనిపోయిన ఇల్లాలి గుట్టు మొగుడి ముందు పరిచినట్టవుతుంది. చెప్పకపోతే తన మాట నమ్మి రైలెక్కే మనిషిని ముంచినట్టు. ఆ రెండో అచ్చుకి వచ్చే ధర, చర్చి పాటబృందానికి చేపలు కొనడానికి కూడా చాలదు.

ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళేముందు ఫిలడెల్ఫియాకి ఫోను చేసింది. గేడ్సన్ భార్య ఎత్తింది. "నిన్ననే బయల్దేరారండీ, న్యూవార్క్‌లో చెల్లెలి ఇంట్లో దిగి సోమవారం పొద్దున మీ దగ్గరికి వస్తానన్నారు. సెల్‌ఫోను పెట్టుకోరు కదా ఆయన. మీ మాట వచ్చినప్పటినుంచి పిల్లాడిలా ఉన్నారు," అంది. ఆ మాటతో ఆర్డెల్లా చెల్లెలి నంబరు అడగలేక ఫోను పెట్టేసింది.

చర్చిలో ఆవిడ ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. పాస్టరు కిన్సీ ప్రసంగం మధ్యలో ఆగి, పుల్పిట్ మీద చెయ్యి వేసి, "మన సిస్టర్ ఒరీతా సమాధి రాయిని దేవుడు ఎక్కడ దాచాడో తెలుసా?" అన్నాడు. "చెప్పండి పాస్టర్," అన్నారు జనం. "ఒక పాత రికార్డు తొడుగులో దాచాడు! దాన్ని గుర్తుపట్టే కళ్ళు మన సిస్టర్ ఆర్డెల్లాకి ఇచ్చాడు!" చర్చంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆర్డెల్లా లేవలేకపోయింది. వెనక వరసలో ఎవరో ఆవిడ నుదుటి చెమట చూసి, ముందుకి వంగి విసనకర్రతో విసరడం మొదలుపెట్టారు. ఎవరో తిరిగి చూడకుండానే ఆవిడ ఆ చల్లగాలికి మనసులో దణ్ణం పెట్టుకుంది. ఆ విసిరే చేతికి కూడా తను అబద్ధం చెప్పినట్టే అనిపించింది.

ఆరాధన అయ్యాక డీకన్ కారు నిండా ముసలమ్మలు. ఒక్కొక్కరినీ దింపుతూ, మెట్లెక్కించి, తలుపు తాళం తీసి వస్తున్నాడు. ఆర్డెల్లా అందరి తరవాతే తనని దింపమంది. ఇంటి ముందు బండి ఆగింది. ఆవిడ దిగలేదు.

"ఏంటి సిస్టర్, ఇవాళ నీ టోపీ కూడా దిగులుగా ఉంది."

"రాస్కో, ఇంజను ఆపు."

ఆయనకి పెళ్ళికాని పార్కు రోజుల్లో తప్ప ఆవిడ ఆయన్ని అలా పిలవలేదు. ఆయన తాళం తిప్పి ఆపేశాడు. ఆర్డెల్లా ఒళ్ళోని సంచీ గట్టిగా పట్టుకుని, ముందు అద్దంలోంచి వీధి వైపే చూస్తూ చెప్పింది. ట్యూబులైటు కింద తొందరపడి మాటిచ్చానని చెప్పింది. అంచు నీడ, త్రికోణం గుర్తు చెప్పింది. ఒక పూటంతా ఆయన్నే అనుమానించానని కూడా చెప్పింది. అప్పుడు హీటరు సంగతి, తెల్లగీతని ఏడుకి ఎదురుగా పెట్టిన సంగతి, కనురెప్పల జిగురు సంగతి చెప్పింది. మోజెల్ పేరు చెప్పకుండా దాటేద్దామనుకుంది గానీ, జిగురు మాట రాగానే ఆయనే, "మోజెల్," అన్నాడు.

వీధి చివర కమ్మీల మీద రైలు వెళ్ళింది.

"ఎడమచేతిదా?" అన్నాడు డీకన్ చివరికి.

"ఎడమచేతిదే. కుడిచేతిది ఏమైంది?"

"ఎవరో తీసుకెళ్ళి తిరిగివ్వలేదు, అది వేరే సంగతి. ఎడమచేతిది... మా పెళ్ళయిన చలికాలమేనా?"

"మీ తొలి చలికాలం."

ఆయన స్టీరింగు మీద నుంచి ఎడమచెయ్యి తీసి, వేళ్ళు చాపి, తిప్పి తిప్పి చూసుకున్నాడు. "ఆ వసంతంలో పార్కులో మొదటి ఆట, సిస్టర్. జనం అంత మందిని ఎప్పుడూ చూళ్ళేదు. కుడిచేతి దరువు అయిపోగానే ఎడమచేతిది గీత దగ్గరికి తెచ్చి వదిలాను. కుంటింది. ఇంకోసారి వదిలాను. మళ్ళీ కుంటింది. వెంట్రుకవాసి వెనక. జనం ఈలలు వేశారు. ఇంటికొచ్చి మూడువారాలు సాధన చేశాను. కుడిచెయ్యి కుదురుతుంది, ఎడమచెయ్యి కుదరదు. నా చెయ్యి పోయిందనుకున్నాను. కాదు, దేవుడు తీసేసుకున్నాడనుకున్నాను. యంత్రాలు అమ్మేశాను. బస్సు పరీక్ష రాశాను. ఒరీతా వెంట చర్చికి వచ్చాను."

ఆ కథ ఆర్డెల్లాకి తెలుసు. చర్చిలో అందరికీ తెలుసు. ప్రతి ఏడూ ఉజ్జీవ కూటాల్లో డీకన్ టిల్లరీ లేచి నిలబడి చెప్పే సాక్ష్యం అదే. ప్రభువు నా ఎడమచేతిని తాకి, లోకపు దరువు అందులోంచి తీసేశాడని.

"నేనా మాట చెప్తున్నప్పుడల్లా," అన్నాడాయన, "ఒరీతా ముందు వరసలో కూర్చుని, విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకునేది. భుజాలు కదిలేవి. ఏడుస్తోందనుకునేవాణ్ణి."

ఆయన భుజాలు కూడా కదిలాయి. ఆర్డెల్లా భయంగా తిరిగి చూసింది. ఆయన నవ్వుతున్నాడు, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా నవ్వుతున్నాడు. "ఏడు దగ్గర పెట్టారా! ఏడు కాదమ్మా తల్లీ, ఏడు కొస దగ్గర! కొస!" అని స్టీరింగు మీద కొట్టాడు. హారను మోగింది. ఎదురుగా మెట్ల మీద కూర్చున్నాయన చెయ్యి ఊపాడు, ఈయనా ఊపాడు.

"మరి ఆ సాక్ష్యం..." అంది ఆర్డెల్లా మెల్లిగా. అది కూడా తనే పాడుచేసిందేమోనని ఆవిడ భయం.

"సాక్ష్యానికేం? దేవుడికి కావలసింది చేయించుకున్నాడు. ఎవరి చేత చేయించాడో నాకు ఇవాళ తెలిసింది." ఆయన రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుంటున్న కొద్దీ నవ్వు దిగిపోయింది. "కానీ సిస్టర్, రాయి పోయింది కదా."

"పోయింది."

"వాళ్ళ అక్కచెల్లెళ్ళు ఆ నంబరు రేకే చూస్తారు."

"అవును రాస్కో."

"తన రాయి తనే హీటరు పక్కన పెట్టి వంకర చేసుకుంది, పిచ్చిది," అన్నాడు. ఆ మాటలో కోపం ఉందేమోనని ఆర్డెల్లా వెతికింది. లేదు. ఉంటే బాగుండేదేమో అనిపించింది, కోపమైతే తన మీద కూడా కాస్త పడేది.

ఆయన దిగి వచ్చి ఆవిడ వైపు తలుపు తీశాడు, ఎప్పటిలాగే చెయ్యి అందించాడు. ఆర్డెల్లా ఆ చెయ్యి పట్టుకుని దిగింది గానీ వదల్లేదు. రేపు గేడ్సన్ వస్తాడు. తెల్లవారకుండానే లేచి, ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని, ఇరవై ఏళ్ళ నమ్మకం జేబులో పెట్టుకుని, కొట్టు తలుపు గంట మోగించుకుంటూ వస్తాడు. ఆవిడ ఆయన మొహం చూసి, నేను తప్పు చెప్పానండీ అనాలి. ఆ తరవాత ఆయన ఏమంటాడో, ఊళ్ళో ఎవరెవరికి చెబుతాడో, ఇక ఫోటోలు పంపేవాళ్ళు పంపుతారో మానతారో.

"నా వల్లే నీ రాయి పోయింది. నిన్ను అడగడానికి నాకు మొహం లేదు," అంది. "అయినా అడుగుతున్నాను. రేపు ఆయన వచ్చేటప్పటికి కొట్టుకి రా రాస్కో. నువ్వేం మాట్లాడక్కర్లేదు. కౌంటరు వెనక నా పక్కన కుర్చీ వేస్తాను, అందులో కూర్చో చాలు. నా నోట్లోంచి ఆ మాట బయటికి వచ్చేదాకా ఉండు. పుణ్యం ఉంటుంది, ఈ ఒక్క సాయం చెయ్యి."